జాగా అందరిదీ, హద్దు కొందరికేనా?



పోయిన ఇత్వార్ నాడు మా ఖాలా ఇంటికి పోయినాను. చాయ్ ఇచ్చే ముందే ఫోన్ నా చేతిలో పెట్టింది. "దేఖ్ రే బేటా, జగా నై కతే. రోజూ ఇదే రోనా" అంది. చూస్తే స్టోరేజీ నిండిపోయిందని గూగుల్ హెచ్చరిక. ఉచితంగా ఇచ్చే 15 జీబీలో చిటికెడు కూడా మిగల్లేదు.

ఆ అకౌంటు ఖాలా ఒక్కదానిదే కాదు. ఫోన్ కొన్నరోజు దుకాణం పిల్లోడు తెరిచి ఇచ్చిన జీమెయిల్ అది. అదే కువైట్‌లో డ్రైవరు పనిచేసే ఖాలూ ఫోన్‌లో ఉంది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న చిన్నోడి ఫోన్‌లోనూ అదే. ముగ్గురి వాట్సాప్ బ్యాకప్పులూ అందులోకే పోతాయి. చిన్నోడు దరఖాస్తుల్లో రాసిన మెయిలూ అదే.

డబ్బా నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకే వాపస్ పోతుంది. ఎన్నాళ్ల నుంచి నిండి ఉందో ఇంట్లో ఎవరికీ తెలీదు. చిన్నోడికి మాత్రం ఇరవై రోజులుగా ఒక్క మెయిలూ రాలేదు. "నన్నెవరు పిలుస్తార్లే భాయ్" అని తన నసీబును తనే తిట్టుకుంటా కూర్చున్నాడు.

మరి జాగా ఎవరు నింపినారు? ఖాలాను అడిగితే "నేనేం చేసినా, గుడ్ మార్నింగులు చూస్తా, అంతే" అంటుంది. ఖాలూ అక్కడి నుంచి "నేను ఫోటో కూడా దిగను" అంటాడు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురూ కలిసి నింపినారు, ముగ్గురిలో ఒక్కరికీ తన వాటా ఎంతో తెలీదు. నష్టం మాత్రం ఒక్కడికే పడింది.

ఈ మస్లా నాకు కొత్త కాదు. నా దిల్‌లో దీనికి సంబంధించిన పాత ముల్లు ఒకటి ఉంది. ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు. ఈరోజు రాస్తాను.

2006 ప్రాంతంలో నేను కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటును. పేరు వద్దులే, అక్కడి ఉప్పు తిన్నవాణ్ణి. ల్యాబ్‌లో అరవై మిషన్లు, వాటన్నిటికీ కలిపి ఒక లినక్స్ సర్వరు. సర్వరులో 160 జీబీ డిస్కు. పిల్లలు, సార్లు, మేడములు, ఆఫీసు వాళ్లు అందరూ కలిపి 320 అకౌంట్లు. ఏ మిషన్ ముందు కూర్చున్నా ఎవరి ఫోల్డర్ వాళ్లకు తెరుచుకునేది. లెక్క వేస్తే మనిషికి అర జీబీ. అప్పట్లో ప్రోగ్రాములు రాసుకునే పిల్లలకు అది బాదుషా బతుకు.

నేను చేరిన కొత్తలోనే మా పెద్దసారును అడిగినాను, "సార్, క్వోటా పెడదాం" అని. ఆయన మంచిమనిషి. "మన పిల్లలే కదయ్యా, ఇంట్లో అన్నానికి లెక్కలు పెడతామా?" అన్నాడు. ఆ మాట వినడానికి ఎంత బాగుందో! నేనూ సరే అనుకున్నాను. లెక్క లేకపోవడమే మొహబ్బత్ అనుకున్నాను.

ప్రాజెక్టులు ఇచ్చే చివరి వారం వచ్చింది. నందికొట్కూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక ఎంసీఏ అమ్మాయి సాయంత్రం దాకా కూర్చుని ప్రాజెక్టు రాసుకునేది. ఇంట్లో కంప్యూటర్ లేదు. పెన్‌డ్రైవ్ కొనే తాహత్ లేదు. ఉన్నదంతా మా సర్వరులోనే. ఒకరోజు బస్సుకు టైమవుతుందని గబగబా సేవ్ కొట్టింది. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక లైను వచ్చింది. చదవకుండానే మూసేసి వెళ్లిపోయింది. మరుసటి రోజు తెరిస్తే ఫైలు పేరు ఉంది, లోపల ఏమీ లేదు. సైజు సున్నా.

ఎందుకు అట్లయిందో చెప్తాను, ఇది తెలుసుకోవాల్సిన సంగతి. చాలా ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు ముందు పాత ఫైలును ఖాళీ చేస్తాయి, ఆ తర్వాత కొత్తది రాస్తాయి. డిస్కు పూర్తిగా నిండి ఉంటే ఖాళీ చేసే పని జరుగుతుంది గానీ రాసే పని జరగదు. అదే సమయంలో ఎవడో ఇంకో మిషన్ నుంచి సినిమా కాపీ చేస్తున్నాడు. ఆ పిల్ల ఖాళీ చేసిన కాస్త జాగా కూడా ఆ సినిమా మింగేసింది. మూడు నెలల మెహనత్ పోయింది. ఆమె నన్ను ఏమీ అనలేదు. ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని దుపట్టా నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది నేను చూసినాను.

ఆ రోజు నాకు వచ్చిన గుస్సా అంతా ఇంతా కాదు. రాత్రి అందరూ పోయినాక కూర్చుని, ఎవరి ఫోల్డర్ ఎంతుందో డీయూ కమాండుతో లెక్క తీసినాను. ఆ అమ్మాయిది 60 ఎంబీ. 320 మందిలో దాదాపు మూడు వందల మంది తమ అర జీబీ కూడా వాడలేదు. డిస్కులో ముప్పాతిక భాగం ఇరవై మంది దగ్గరే ఉంది. వాళ్లలో సినిమాలు దాచుకున్న పిల్లలు ఉన్నారు. కానీ అందరికంటే పెద్ద ఫోల్డర్ పిల్లలది కాదు. స్టాఫులో ఒక పెద్దమనిషిది. నలభై జీబీ. అందులో ఆయన ఇంట్లో జరిగిన షాదీ వీడియో, డీవీడీల నుంచి దించినది దించినట్టే, రెండు కాపీలు.

ఇక్కడిదాకా నేను మజ్లూముల వైపు ఉన్నాను. ఇక్కడి నుంచి నేనే జాలిమ్‌ను అయినాను.

పెద్దమనిషి ఫోల్డర్ జోలికి పోయే హిమ్మత్ నాకు లేకపోయింది. మిగతా అందరి ఫోల్డర్లలో 100 ఎంబీ దాటిన ఫైళ్లన్నీ వెతికి ఒక్క కమాండుతో తీసేసినాను. నోటీసు లేదు, ఖబర్ లేదు. పిల్లల సినిమాలే కదా అనుకున్నాను. ఉర్దూ చెప్పే ఒక బుజుర్గ్ సారు తన తాత చేతిరాత బయాజ్‌ను, అదే, కవితలు రాసుకునే పాత పుస్తకాన్ని, పేజీ పేజీ స్కాన్ చేయించి అందులోనే పెట్టుకున్నాడు. ఫైళ్లు పెద్దవి. అన్నీ పోయినాయి. అసలు పుస్తకానికి చెదలు పట్టిందనే ఆయన స్కాన్ చేయించింది.

తెల్లారి ఆయన వచ్చి నా టేబుల్ ముందు నిలబడినాడు. గట్టిగా అరిచినా బాగుండేది. "పూఛ్ లేతే నా మియా" అన్నాడు, అంతే. ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అని. ఇరవై ఏళ్లు అవుతాంది. ఆ నాలుగు ముక్కలు నా చెవిలో ఇంకా ఉన్నాయి.

దోస్తులారా, నేను చెప్పదలచింది ఇదే. నలుగురూ వాడుకునే చోట హద్దు పెట్టకపోవడం జుల్మ్. హద్దు చెప్పకుండా, అడగకుండా తుడిచేయడం దానికంటే పెద్ద జుల్మ్. నేను ఒకే వారంలో రెండూ చేసినాను.

క్వోటా అనగానే మనవాళ్లకు కంజూసీ గుర్తొస్తుంది. రేషన్ క్యూ గుర్తొస్తుంది. కానీ చిన్నప్పుడు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ ఐదారుమందిమి కూర్చుని తిన్నప్పుడు అమ్మీ ఏం చెప్పేది? "నీ ముందర ఉన్నది తిను, చేయి అవతలికి చాపొద్దు." అది కంజూసీనా? అట్లా చెప్పబట్టే కదా చిన్న తమ్ముడి కడుపు నిండింది. బోటీ ముక్కలన్నీ ఏరుకునే పెద్దోడి చేతికి అడ్డు లేకపోతే నష్టపోయేది పళ్లెం కాదు, చిన్నోడు.

కంప్యూటర్ల దునియాలో ఈ తమీజ్ పాతదే. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ ఎల్జ్ యూనిక్స్ కోసం డిస్కు క్వోటా పద్ధతి రాసినాడు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో అది చేరింది. ఒక పెద్ద మిషన్‌ను వందలమంది విద్యార్థులు పంచుకునే కాలం అది. ఆ పద్ధతిలో నాకు నచ్చేది, దానిలో ఉన్న నరమీ. హద్దులు రెండుంటాయి. మొదటిది మెత్తటి హద్దు. అది దాటితే పని ఆగదు, హెచ్చరిక వస్తుంది, ఒక మొహలత్ మొదలవుతుంది. లినక్స్‌లో మామూలుగా ఆ గడువు ఏడు రోజులు. ఆలోగా నీ సామాను నువ్వే సర్దుకోవాలి. రెండోది గట్టి హద్దు. దాన్ని ఎవరూ దాటలేరు. అక్కడ కూడా ఉన్న ఫైళ్లను అది ముట్టుకోదు, కొత్తది మాత్రం రాయనివ్వదు. అంటే నీ తప్పుకు నువ్వు ఆగుతావు, నీ వల్ల పక్కవాడు ఆగడు. ఇదే కదా ఇన్‌సాఫ్ అంటే.

మా సర్వరులో అర జీబీ మెత్తటి హద్దు, దానికి కాస్త పైన గట్టి హద్దు పెట్టి ఉంటే ఏమయ్యేది? సినిమాల కుర్రాడికి వాడి కాపీయే మధ్యలో ఆగిపోయేది. నందికొట్కూరు అమ్మాయి 60 ఎంబీ ఫైళ్లు హాయిగా ఉండేవి. ఉర్దూ సారు మొదటిరోజే నా దగ్గరికి వచ్చి "నాకు ఎక్కువ జాగా కావాలి మియా" అనేవాడు. నేను ఎందుకని అడిగేవాణ్ణి, ఆయన చెప్పేవాడు, ఇద్దరం కలిసి ఒక సీడీ మీదైనా ఇంకో కాపీ తీసి పెట్టేవాళ్లం. క్వోటా వల్ల జాగా పెరగదు నిజమే. మనుషుల మధ్య మాట మొదలవుతుంది. లెక్క లేని చోట ఎవరూ ఎవరినీ అడగరు, నిండినాక అందరూ అందరినీ తిడతారు.

ఇది మన సీమవాళ్లకు పుస్తకాల నుంచి నేర్పాల్సిన సంగతి కాదు. కె.సి.కెనాల్‌ను చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి మూడు వందల కిలోమీటర్లు నడిచి కడప చేరుతుంది. బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు రాసిచ్చింది. కాగితం మీద హఖ్ ఉంది. కానీ తల దగ్గర ఉన్నవాడు తూము ఎంత తెరిచినా అడిగే దిక్కు లేకపోతే, తోక దగ్గర ఉన్న రైతుకు ఆ 39.9 అంకె తడి కూడా ఇవ్వదు. మా గల్లీలో కొళాయికి మోటారు బిగించేవాడూ అంతే. వాడేమీ దొంగతనం అనుకోడు. "నా ఇంటి కొళాయే కదా" అంటాడు. చివరి ఇంటి బీబీ ఖాళీ బిందెతో నిలబడటం వాడికి కనిపించదు.

మా ల్యాబులో షాదీ వీడియో పెద్దమనిషి కూడా అట్లాంటి మోటారే. అందుకే నా రెండో మాట. పెద్దలకు మాఫీ ఇచ్చే క్వోటా క్వోటా కాదు. పిల్లలకు అర జీబీ, సార్లకు ఎంతైనా అంటే, అది హద్దు కాదు, దర్జా. ఎక్కువ కావాల్సినవాళ్లు ఉంటారు, కాదనను. పరిశోధన చేసేవాళ్లు, వీడియో పాఠాలు తీసేవాళ్లు, పాత కితాబులు స్కాన్ చేసేవాళ్లు. వాళ్లకు ఇవ్వాలి. ఎంత, ఎందుకు, ఎన్నాళ్లకు అని రాసుకుని ఇవ్వాలి. కుర్చీని చూసి కాకుండా పనిని చూసి ఇవ్వాలి.

ఇప్పుడు సర్వర్లు ల్యాబుల్లోంచి లేచి మబ్బుల్లోకి పోయినాయి కాబట్టి ఈ బాధ తీరిందని చాలామంది అనుకుంటారు. తీరలేదు. ఎక్కడో దూరంగా పోయి కూర్చుంది. 2015లో గూగుల్ ఫోటోస్ మొదలైనప్పుడు కాస్త కుదించిన ఫోటోలకు హద్దే లేదన్నారు. అందరం దావత్‌కు పోయినట్టు పోయినాం. 2021 జూన్ 1 నుంచి కొత్త ఫోటోలన్నీ 15 జీబీ లెక్కలోకే వస్తాయన్నారు. కాలేజీలకు, యూనివర్సిటీలకు కూడా మొదట హద్దు లేని జాగా ఇచ్చినారు. 2021 ఫిబ్రవరిలో మాట మార్చినారు. మొత్తం సంస్థకు కలిపి 100 టీబీ అన్నారు, పాత సంస్థలకు అది 2022 జూలై నుంచి అమలన్నారు. వంద టీబీ అంటే సముద్రంలా వినిపిస్తుంది. ఐదువేల మంది ఉన్న చోట అది మనిషికి 20 జీబీ. నాలుగు ఆన్‌లైన్ క్లాసుల రికార్డింగులు పెట్టుకునే సారుకు ఏడాది కూడా రాదు. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్పుల వంతు. అంతకుముందు అవి లెక్కలోకి రాకుండా ఉండేవి. 2023 చివర నుంచి మెల్లమెల్లగా వాటినీ లెక్కలో కలిపినారు. మా ఖాలా ఇంట్లో డబ్బా నిండింది అందుకే.

కంపెనీ హద్దు పెట్టిందని నాకు కోపం లేదు. డిస్కులు ఊరికే రావు, కరెంటు ఊరికే రాదు. ముందు "హద్దు లేదు" అని అలవాటు చేసి, మన జిందగీ అంతా అందులో పోసినాక హద్దు గీయడమే తప్పు. మా పెద్దసారు "ఇంట్లో అన్నానికి లెక్కలా" అన్నది ప్రేమతో. వీళ్లు అన్నది వ్యాపారంతో. రెండు చోట్లా నష్టపోయింది మాత్రం తక్కువ వాడుకున్నవాడే.

మన తప్పు లేదా? ఉంది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయినప్పుడు దాంట్లో 133 టీఎంసీల దాకా పట్టేవి. 2016 సర్వే నాటికి అది సుమారు 105కు దిగింది. గోడ తగ్గలేదు, నది తగ్గలేదు. అడుగున పూడిక పేరుకుంది. కె.సి.కెనాల్‌కు కొంత వాటా ఆ డ్యామ్ నుంచే రావాలి కాబట్టి ఆ పూడిక మనకూ తగులుతుంది. మన ఫోన్లలో, మన సర్వర్లలో జరిగేది కూడా అదే. ఒకే వీడియో ఏడు గ్రూపుల్లో వస్తుంది, ఏడుసార్లు దిగుతుంది. చూడం, తీసేయం. "ఉండనీలే, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటాం.

ఆ మాట వెనక ఒక డర్ కూడా ఉంది, దాన్ని నవ్వులాట చేయకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు పాతబస్తీలో ఇళ్లకు ఇళ్లు మునిగినాయి. పెట్టెల్లో దాచుకున్న షాదీ ఆల్బములు, సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు బురద ముద్దలైనాయి. అట్లా పోగొట్టుకున్నవాళ్లకు ఏదైనా తీసేయమంటే చేయి వణుకుతుంది. అందుకే చెప్తున్నా, తీసేయడం కంటే ముందు విడదీయడం నేర్చుకోవాలి. మళ్లీ దొరకనిది ఒకవైపు, మళ్లీ దొరికేది ఒకవైపు. నానీ గొంతు ఉన్న వాయిస్ మెసేజ్ మళ్లీ దొరకదు. గుడ్ మార్నింగ్ గులాబీ రేపు పొద్దున్నే మళ్లీ వస్తుంది.

కాలేజీల్లో, ఆఫీసుల్లో ఈ జిమ్మేదారి మోసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా దెబ్బల నుంచి నాలుగు మాటలు. చేరిన మొదటిరోజే హద్దు చెప్పండి, లోపలికి వచ్చిన ప్రతిసారీ ఎంత వాడినారో కనపడేటట్టు చేయండి. హెచ్చరిక మనిషికి అర్థమయ్యే జబాన్‌లో రాయండి. ఆ అమ్మాయికి "డిస్కు నిండింది, మీ ఫైలు సేవ్ కాలేదు, మూయకండి" అని తెలుగులో కనిపించి ఉంటే ఆగేది. ఏదీ ఒక్క రాత్రిలో తుడిచేయకండి. ముందు ఖబర్, తర్వాత మొహలత్, ఆ తర్వాత కూడా వేరే డిస్కులోకి మార్చి నెలరోజులు ఉంచండి. చదువు అయిపోయి వెళ్లే పిల్లలకు వాళ్ల సామాను తీసుకెళ్లే గడువు ఇవ్వండి. చేతిరాత పుస్తకాల స్కాన్లలాంటివి ఎవరి సొంత ఫోల్డర్‌లోనూ ఉండనీయకండి. వాటికి వేరే చోటు, రెండు కాపీలు, రెండు భవనాల్లో. క్వోటా బ్యాకప్ కాదు. క్వోటా పక్కవాణ్ణి కాపాడుతుంది, బ్యాకప్ నిన్ను కాపాడుతుంది. రెండూ కావాలి.

తక్కిన వాళ్లకు ఒక్కటే మాట. నలుగురి జాగాలో నీకు ఇచ్చింది అమానత్. నింపే ముందు పక్కవాడు గుర్తుండాలి.

ఆ ఇత్వార్ రోజంతా ఖాలా ఇంట్లోనే గడిచింది. ముందు నానీ గొంతులు, ఖాలూ పాస్‌పోర్టు కాగితాలు, పెళ్లి ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ చిన్నోడి దోస్తు ల్యాప్‌టాప్‌లోకి ఎత్తినాం. ముగ్గురికీ మూడు అకౌంట్లు వేరువేరుగా తెరిచినాం. చిన్నోడు ఉద్యోగాలకు కొత్త మెయిల్ పెట్టుకున్నాడు. ఏదైనా తీసేసే ముందు ప్రతిసారీ ఖాలాను అడిగినాను. "యే నికాలూఁ ఖాలా?" అంటే ఆమె కళ్లజోడు సర్దుకుని చూసి, కొన్నిటికి "నికాల్" అంది, కొన్నిటికి "నక్కో" అంది. నక్కో అన్నది ఒక్కటీ ముట్టుకోలేదు. మగ్రిబ్ వేళకు 9 జీబీ ఖాళీ అయింది.

పాత మెయిల్‌కు ఆ ఇరవై రోజుల్లో ఎవరేం పంపినారో, ఏది వాపస్ పోయిందో చిన్నోడికి ఇక తెలీదు. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటికీ వాడు ఇప్పుడు ఒక్కొక్కటిగా ఫోన్ చేసుకుంటున్నాడు.